బాలింత పథ్యం, సిజేరియన్ కుట్లు: ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి

సంక్షిప్తంగా: ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి పది కాన్పుల్లో నాలుగుకు పైగా సిజేరియన్లే. ఇంటికి వచ్చిన బాలింతకు మాత్రం సాధారణ కాన్పుల కాలంలో ఏర్పడిన పథ్యమే నడుస్తోంది. అందులోని విశ్రాంతి, తోడు, పుట్టింటి సంరక్షణ ఆపరేషన్ అయిన తల్లికి ఎంతో అవసరం. నీళ్లు, పప్పు, పండ్లు, గాలి మీద పెట్టే ఆంక్షలు మాత్రం కుట్లు మానడానికే అడ్డుపడతాయి. ఈ తేడా ఇంట్లో పెద్దావిడకు వివరించే ఏర్పాటు ఆసుపత్రుల్లో సరిగా లేకపోవడం అసలు లోటు.

మంచం పక్కన రెండు మాటలు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఏదైనా ప్రసూతి ఆసుపత్రి ముందు మధ్యాహ్నం నిలబడితే, స్టీలు క్యారియర్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి వెళ్లడం కనిపిస్తుంది. ఆపరేషనై మూడు రోజులైన పచ్చి బాలింత కోసం వచ్చిన క్యారియర్ విప్పితే, చాలాసార్లు పై గిన్నెలో పాత బియ్యపు అన్నం, కింది గిన్నెలో వెల్లుల్లి కారం, చిన్న డబ్బాలో నెయ్యి ఉంటాయి. పప్పు ఉండదు. మజ్జిగ ఉండదు. పండు అసలే ఉండదు. అదే మంచం దగ్గరి కాగితం మీద బలమైన ఆహారం ఇవ్వాలని, నీళ్లు బాగా తాగించాలని డాక్టరు రాసి ఉంటారు. క్యారియర్ తెచ్చిన తల్లికి ఆ కాగితం ఎవరూ చదివి వినిపించి ఉండరు.

సిజేరియన్లు అరుదైన రోజుల్లో ఈ వైరుధ్యం కొద్దిమందిదే. ఇప్పుడు అలా కాదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 21.5 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే తీసుకుంటే 63 శాతం. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే చర్చ, అది జరగవలసిందే. కానీ ఆపరేషన్ అయిపోయిన తల్లికి ఆ చర్చతో ఒరిగేదేమీ లేదు. ఆమెకు కావలసింది రేపు పొద్దున ఏం తినాలి, ఎలా లేవాలి, ఎప్పుడు భయపడాలి అన్న స్పష్టత.

లోపల కోసింది ఎంత?

పైకి కనిపించేది పొత్తికడుపు కింద అడ్డంగా జానెడులోపు గీత ఒక్కటే. దాని వెనుక చర్మం, కొవ్వు, కండరాలను కప్పి ఉంచే గట్టి పొర, పేగులను కప్పే పలుచని పొర, చివరగా గర్భసంచి గోడ ఉంటాయి. కండరాలను సాధారణంగా కోయరు, మధ్యలో విడదీసి పక్కకు జరుపుతారు. వారం తిరిగేసరికి పై చర్మం అతుక్కుని గీత మానినట్టే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు మోసపోయేది ఇక్కడే. గాయం మూడు వారాలకు తన మునుపటి బలంలో దాదాపు ఐదో వంతే తిరిగి తెచ్చుకుంటుంది. మూడు నెలలకు గరిష్ఠంగా 80 శాతం వరకు వస్తుంది. బయట కుట్లు ఎండిపోయాయని నీళ్ల బిందె ఎత్తించడం, బట్టలు ఉతికించడం మొదలైతే, ఆ భారం పడేది ఇంకా అతుకుతూ ఉన్న ఆ గట్టి పొర మీద. తర్వాతెప్పుడో ఆ చోట హెర్నియా (పొర బలహీనపడి లోపలి భాగం బయటికి ఉబ్బడం) వచ్చే అవకాశం పెరుగుతుంది.

దీనికి తోడు సిజేరియన్‌లో పోయే రక్తం సాధారణ కాన్పులో పోయేదానికి సుమారు రెట్టింపు. రక్తహీనత ముందునుంచే ఉంటే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అదే సర్వేలో రాష్ట్రంలోని 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాన్పయ్యాక కూడా 180 రోజులపాటు రోజుకొక ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమాలు చెప్పేది అందుకే. వేడి చేస్తుందనో మలబద్ధకమనో ఆ మాత్రను పదో రోజుకే ఆపేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

నీళ్లు తాగితే కుట్లలో నీరు పడుతుందా?

పథ్యంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది నీళ్ల మీద ఆంక్ష. నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు చెమ్మగిల్లుతాయని, పొట్ట పెరుగుతుందని, ఒంటికి నీరు వస్తుందని కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో గట్టి నమ్మకం. శుభ్రమైన నీళ్లు దొరకని రోజుల్లో బాలింతను నీళ్లకు దూరంగా ఉంచడంలో కొంత రక్షణ ఉండి ఉండవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వాలన్న నియమం నేటికీ మంచిదే. అయితే తాగిన నీళ్లకు, కుట్లకు మధ్య నేరుగా దారి లేదు. కడుపులోకి వెళ్లిన నీళ్లు పేగుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రం, చెమట, పాలలోకి పోతాయి.

లెక్క కూడా సులువే. తల్లి పాలలో దాదాపు 87 శాతం నీరు. పాలు కుదురుకున్నాక బిడ్డ రోజుకు ముప్పావు లీటరు వరకు తాగుతుంది. తల్లి నీళ్లు తగ్గిస్తే పాలు వెంటనే తగ్గవు. ప్రకృతి బిడ్డ వాటా ముందు తీసిపెట్టి, లోటును తల్లి ఒంటి మీదికి నెడుతుంది. ఆ లోటు మలబద్ధకంగా, మూత్రంలో మంటగా, నీరసంగా, తలనొప్పిగా బయటపడుతుంది. మలబద్ధకంతో ముక్కినప్పుడు ఒత్తిడి పడేది మళ్లీ కుట్ల మీదే. ఇంతకంటే పెద్ద ప్రమాదం కనబడనిది. గర్భంలో పెరిగిన రక్తం గడ్డకట్టే స్వభావం కాన్పయ్యాక కూడా దాదాపు ఆరు వారాల వరకు ఉంటుంది. ఆపరేషన్ ఆ ముప్పును పెంచుతుంది. దానికి నీళ్లు తక్కువ కావడం, కదలకుండా పడుకోవడం తోడైతే కాలి సిరల్లో గడ్డ ఏర్పడి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

పొట్ట సంగతికొస్తే, అది నీళ్ల వల్ల పెరిగింది కాదు. కాన్పయిన వెంటనే కిలో వరకు బరువుండే గర్భసంచి మునుపటి పరిమాణానికి కుంచించుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. తొమ్మిది నెలలు సాగిన కండరాలు దగ్గరపడడానికి అంతకంటే ఎక్కువే. నడికట్టు కట్టుకుంటే లేచి తిరిగేటప్పుడు ఆసరాగా ఉండి నొప్పి కొంత తగ్గుతుంది. పొట్ట కరగదు. ఊపిరాడనంత బిగించి కడితే చెమటతో కుట్ల దగ్గర చర్మం నాని, అదే కొత్త సమస్యవుతుంది.

పప్పు, చీము, పాలసొర

పప్పు తింటే కుట్లకు చీము పడుతుందన్న మాట వినని బాలింత ఈ ప్రాంతంలో ఉండదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. అవి చర్మం మీది నుంచి, చేతుల నుంచి, తడిసిన గుడ్డల నుంచి వస్తాయి. క్రిములతో పోరాడే కణాలకూ, తెగిన పొరలను అతికించే కొలాజెన్‌కూ ముడిసరుకు మాంసకృత్తులు. శాకాహార ఇంట్లో వాటికి ప్రధాన ఆధారం పప్పే. పప్పు మాన్పించడమంటే ఇల్లు కడుతూ ఇటుకల బండిని వెనక్కి పంపడమే. ఆపరేషనైన మొదటి రెండు మూడు రోజులు పేగులు మందగించి ఉంటాయి కాబట్టి కందిపప్పు ముద్ద ఉబ్బరం తేవచ్చు. ఆ రోజుల్లో పెసరకట్టు, మెత్తటి పెసరపప్పు పొంగలి, గుడ్డు, పాలు సరిపోతాయి. ఆ తర్వాత ఆగడానికి కారణం లేదు. నిజానికి పేగులు కదిలే దాకా పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వకూడదన్న పాత ఆసుపత్రి పద్ధతి కూడా మారింది. ఇబ్బందేమీ లేకపోతే కొద్ది గంటల్లోనే ద్రవాలు, వెంటనే తేలికపాటి ఆహారం ఇవ్వడం ఇప్పుడు ఆమోదించిన విధానం.

పండ్లదీ ఇదే కథ. కొలాజెన్ గట్టిపడాలంటే విటమిన్ సి కావాలి. అది దండిగా ఉండే జామ, ఉసిరి, నిమ్మ, బత్తాయి అన్నీ శీతం చేస్తాయన్న జాబితాలోనే ఉన్నాయి. తల్లి జామపండు తింటే బిడ్డకు జలుబు చేయదు. జలుబు వచ్చేది వైరస్ వల్ల, ఎక్కువగా చూడవచ్చిన బంధువుల చేతులూ ముద్దుల ద్వారా.

పథ్యంలో నిలుపుకోవలసినవీ తక్కువేమీ కావు. మునగాకు, మెంతికూర, బీరకాయ, పొట్లకాయ, నువ్వులు, వెల్లుల్లి, నెయ్యి, వేడివేడిగా అప్పుడే వండిన అన్నం మంచివే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కిలోకేలరీలు అదనంగా కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము బెల్లంతో, నేతితో కలిపి చేసే కాయం కొద్దిగా తీసుకుంటే ఉబ్బరానికి ఉపశమనం. ఇంట్లో దంచినదైతే అందులో ఏముందో తెలుస్తుంది, పేరూ వివరమూ లేని పొట్లాలతో ఆ నమ్మకం ఉండదు. గర్భంలో మధుమేహం వచ్చిన తల్లికి మాత్రం బెల్లం పాళ్లు తగ్గించాలి. చక్కెర ఎక్కువున్న రక్తంలో గాయం నెమ్మదిగా మానుతుంది. ఆమెకు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య చక్కెర పరీక్ష మళ్లీ చేయించాలి.

మాంసాహార ఇళ్లలో పాలు పడాలని పాలసొర పెట్టే అలవాటు కోస్తాలో బలంగా ఉంది. సొర వేటాడి తినే చేప, అందువల్ల చిన్న చేపల్లోని పాదరసం దాని ఒంట్లో పోగవుతుంది. పాలిచ్చే తల్లులు సొర తినకపోవడమే మంచిదని ఆహార భద్రతా సంస్థలు చెబుతున్నాయి. అదే మేలు చిన్న చేపల నుంచి భయం లేకుండా దొరుకుతుంది. పాలు ఊరేది ప్రధానంగా బిడ్డ నోటి వల్ల. ఎంత తరచుగా పట్టిస్తే అంత ఉత్పత్తి. సిజేరియన్ తర్వాత పాలు నిండుగా పడడం కొంత ఆలస్యం కావచ్చు, మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. ఆ లోపు వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాడే అయినా, ఉసిరికాయంత కూడా లేని ఆ పొట్టకు అవి చాలు. వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మెలకువతోనే ఉంటుంది కాబట్టి మొదటి గంటలోనే పట్టించడం సాధ్యం. పొట్ట మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకునో, బిడ్డను చంక కింద పట్టుకునో ఇవ్వవచ్చు.

మూసిన గది, మే నెల

చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీలు బిగించిన గది, మంచం కింద నిప్పుల కుంపటి, సాంబ్రాణి. చలికాలపు మట్టిగోడల ఇంట్లో వీటికి అర్థముంది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే విజయవాడలో, కాంక్రీటు స్లాబు కింద, ఫ్యాను ఆపేసిన గదిలో అదే పద్ధతి తల్లికీ బిడ్డకీ శిక్ష. చెమట పొత్తికడుపు మడతలో, సరిగ్గా కుట్లున్న చోట నిలుస్తుంది. తడి, వేడి, గాలాడని చోటు క్రిములకు ఎంతో ఇష్టం. నాలుగు గుడ్డలు చుట్టిన బిడ్డకు ఒళ్లు కాలితే జ్వరమని కంగారు పడతారు. గుడ్డలు విప్పి కాసేపు పాలు పట్టిస్తే తగ్గేది వేడే. అప్పటికీ తగ్గకపోతే మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. నెల లోపు బిడ్డ జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నేరుగా ముఖం మీద కొట్టకుండా ఫ్యాను తిరగవచ్చు, కిటికీ తెరిచి ఉండవచ్చు. బొగ్గుల పొగ మూసిన గదిలో విషవాయువు అవుతుంది, దాన్ని పూర్తిగా మానాలి. గోరువెచ్చని నీళ్లతో స్నానం మంచిదే, ఎప్పటినుంచన్నది డాక్టరు చెబుతారు. పురిటి స్నానంలో పొట్ట మీద వేడినీళ్లు ధారగా పోయడం, నూనెతో మర్దించడం, కుట్ల మీద పసుపు పూయడం వద్దు. స్నానం చేశాక ఆ మడతను శుభ్రమైన మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వడం పది మందుల పెట్టు. కాళ్లు, వీపు, భుజాలు మర్దిస్తే అభ్యంతరం లేదు, తల్లికి హాయి కూడా. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే ఆ కాలును మర్దించకూడదు.

లేవడం ఒక విద్య

ఆపరేషన్ తర్వాత మొదటిసారి మంచం దిగడం తల్లి మరచిపోలేని అనుభవం. చేతులు పట్టి ముందుకు లాగి కూర్చోబెట్టడం ఇంట్లోవాళ్లు ప్రేమగా చేసే పని. కుట్లకు అదే అన్నిటికంటే కష్టం. దీనికి తేలికైన దారి ఉంది. మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పాలి. కాళ్లు మంచం అంచు కిందికి దించుతూ, మోచేయీ అరచేయీ పరుపుకు ఆనించి పైకి నెట్టుకోవాలి. పక్కనున్నవాళ్లు వీపు వెనుక చేయి ఆసరా ఇస్తే చాలు. కూర్చున్నాక నాలుగు శ్వాసలు ఆగి, కళ్లు తిరగడం లేదని తేలాక నిలబడాలి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు చిన్న దిండు మడిచి కుట్ల మీద గట్టిగా అదుముకుంటే నొప్పి తగ్గుతుంది.

మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే నడిపించడం వెనుక కారణం రక్తం గడ్డకట్టకుండా చూడడం, పేగులను కదిలించడం. ఇంటికి వచ్చాక నలభై రోజుల విశ్రాంతి అంటే బరువైన పని నుంచి విశ్రాంతి. రోజూ గదిలోనూ వరండాలోనూ కొద్దికొద్దిగా నడవాలి. మొదటి ఆరు వారాలు బిడ్డకంటే బరువైనది ఎత్తకూడదన్నది గుర్తుండే కొలత.

నొప్పి మాత్రలు పాలలోకి పోతాయని ఓర్చుకునే తల్లులు చాలామంది. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులకు సురక్షితమైనవిగా గుర్తించిన మందులు, డాక్టరు రాసిన మోతాదులో వాడవచ్చు. నొప్పి అణిగితేనే తల్లి నడుస్తుంది, నడుము వాల్చి బిడ్డను దగ్గరకు తీసుకుంటుంది, పాలు చేపుకు వస్తాయి.

వెన్నులో ఇచ్చిన సూది వల్ల నడుము జీవితమంతా నొస్తుందన్న భయమూ ఇలాంటిదే. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. నెలల తరబడి ఉండే నడుము నొప్పికి ఈ మత్తు కారణమని పరిశోధనల్లో తేలలేదు. సాగిన పొట్ట కండరాలు, గర్భంలో వదులైన కీళ్లు, గంటల తరబడి వంగి పాలివ్వడం అసలు కారణాలు. వీపు వెనుక, మోచేతి కింద దిండు పెట్టి బిడ్డను రొమ్ము దగ్గరికి తేవడంతో ఇందులో చాలావరకు తగ్గుతుంది. ఈ సూదితో నిజంగా రాగలిగిన సమస్య వేరు. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తీవ్రమైన తలనొప్పి మొదటి కొద్ది రోజుల్లో వస్తే వెంటనే మత్తు డాక్టరుకు చెప్పాలి. దానికి చికిత్స ఉంది.

ఎప్పుడు ఆగకూడదు

100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, కుట్ల చుట్టూ ఎరుపు లేదా చీము, దుర్వాసనతో మైల (కాన్పు తర్వాత పోయే స్రావం), గంటలోనే పూర్తిగా తడిసిపోయే ప్యాడు, ఒక పిక్కలో వాపు, ఆయాసం, చూపు మసకబారే తలనొప్పి. వీటిలో ఏ ఒక్కటైనా పథ్యంతో సర్దుకునేది కాదు. చివరిది అధిక రక్తపోటుకు గుర్తు కావచ్చు. కాన్పుకు ముందు బీపీ లేనివాళ్లకు కూడా ఆరు వారాల లోపు అది రావచ్చు. 108కి ఫోను చేయడానికి అత్తగారి అనుమతి కోసమో మంచి ఘడియ కోసమో చూడకూడదు.

మనసు గురించి ఇళ్లలో మాట్లాడేది తక్కువ. మూడో రోజు తర్వాత ఊరికే ఏడుపు రావడం మామూలు, రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆ తర్వాత కూడా నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, బతకాలనిపించకపోతే అది జబ్బు, చికిత్సతో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. నొప్పులు పడలేదు కాబట్టి నీది కాన్పే కాదన్నట్టు మాట్లాడే బంధువుల మాటలు ఈ స్థితిలో ఎంత లోతుగా దిగుతాయో ఇంట్లోవాళ్లు గుర్తించాలి.

పని, సెలవు, తర్వాతి కాన్పు

ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లోని స్త్రీలకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు హక్కు. మిరప కోతకూ, పత్తి తీతకూ వెళ్లే కూలీకి ఆ చట్టం అందదు. ఆమెకు ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు వచ్చే 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఆపరేషనైన తల్లి నలభై రోజులకే మిరప తోటలో వంగి నిలబడడానికి కారణం నిర్లక్ష్యం కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్ అయితే ఏడు రోజుల వరకు ఉచిత భోజనం, మందులు, ఇంటికి వాహనం 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద హక్కు. దూరపు పల్లెవాళ్లు మూడో రోజే తొందరపడి వెళ్లనక్కర్లేదు.

గర్భసంచి మీది గాటుకు కాలం కావాలి. మళ్లీ గర్భం దాల్చే ముందు కనీసం రెండేళ్ల ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. పాలిస్తున్నంత కాలం గర్భం రాదన్న ధీమా ఇక్కడ ప్రమాదకరం. కాపర్ టీ ఆపరేషన్ సమయంలోనే వేయించుకోవచ్చు. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ మాయ పాత గాటుకు అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది. కాబట్టి మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో, గాటు ఎటు ఉందో రాసిన డిశ్చార్జి కాగితాన్ని పట్టా కాగితంలా దాచుకోవాలి.

చెప్పవలసింది ఎవరికి?

ఇన్ని ఆంక్షలు నిలిచి ఉండడానికి పెద్దవాళ్ల మూర్ఖత్వాన్ని కారణంగా చూపడం సులువు, అన్యాయం కూడా. బాలింతకు రాత్రి మూడుసార్లు లేచి బిడ్డను అందించేది, బట్టలుతికేది, నిద్ర మానుకునేది ఆ పెద్దావిడే. డిశ్చార్జి సమయంలో ఆసుపత్రి మాట్లాడేది బిల్లు కట్టే భర్తతో, అప్పుడే మగత తీరుతున్న తల్లితో. వంటింటి నిర్ణయాలు తీసుకునే అమ్మమ్మ కారిడార్‌లో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంటుంది. బలమైన ఆహారం అన్న మాటకు ఆమె లెక్కలో అర్థం నెయ్యి, కారం. మొదటి వారం రెండు పూటలా పెసరపప్పు, రోజుకొక గుడ్డు, ఒక జామపండు, కాచిన నీళ్లు చెంబుతో మంచం పక్కన అని వంటింటి భాషలో చెబితే ఆమె తప్పక చేస్తుంది. నర్సు ఐదు నిమిషాలు ఆమెను కూర్చోబెట్టి చెబితే చాలు.

ఇంకొక చిక్కు ఉంది. కాన్పయ్యాక 42 రోజుల వరకు ఆశా కార్యకర్త నిర్ణీత రోజుల్లో ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలి. గర్భిణిగా ఆమె పేరు నమోదైంది అత్తగారి ఊళ్లో, ఆపరేషన్ జరిగింది పట్నంలో, బాలింతగా ఉండేది పుట్టింట్లో. తెనాలి దగ్గరి ఊళ్లో పేరున్న అమ్మాయి నరసరావుపేట దగ్గరి పుట్టింటికి చేరితే, ఇద్దరు ఆశాల్లో ఎవరి పుస్తకంలోనూ ఆమె లేకుండా పోవచ్చు. కుట్లు చెడేది, జ్వరం వచ్చేది, మనసు కుంగేది ఆ రోజుల్లోనే. ఆసుపత్రి గేటు దాటకముందే పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తకో ఏఎన్ఎం (ఊరి నర్సు)కో ఎవరో ఒకరు ఫోను చేసి, బాలింత ఏ రోజు ఏ ఇంటికి వస్తోందో చెప్పాలి.